బళ్ళారి మాత్రలు

మా చిన్నమ్మ పోయిన తరువాత ఆమె ట్రంకుపెట్టెలోని కాగితాలు సర్దుతూ ఉంటే పట్టాదారు పుస్తకాల అడుగున ఒక అట్టముక్క దొరికింది. రెండువైపులా గళ్ళు, గళ్ళలో తేదీలు, తేదీలకెదురుగా ఎవరివో పొట్టి సంతకాలు. పైన కన్నడలిపిలో మా మేనమామ పేరు, వయస్సు, ఊరు. పేరూ వయస్సూ సరిగానే ఉన్నాయి. ఊరు మాత్రం తప్పు. అది మామ పుట్టి పెరిగిన ఊరు కాదు, చిన్నమ్మ అత్తగారి ఊరు. ఆ తప్పు రాసినవారి పొరపాటు కాదు. మావాళ్ళు కావాలని చెప్పిన అబద్ధం.

ఒక ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో మాత్రలు తీసుకోవడానికి ఊరిపేరు మార్చి చెప్పవలసిన అవసరం ఎందుకు కలిగిందో తెలుసుకోవాలని నేను చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ ఆ అట్టముక్క మా ఒక్క కుటుంబానిది కాదనీ, ఈ దేశపు వైద్యచరిత్రలో ఒక ముఖ్యమైన ప్రయోగానికి సాక్ష్యమనీ తెలిసింది. తెలిసినంతవరకూ ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

ముందు గీత సంగతి చెప్పాలి. 1800లో నిజాము ఇంగ్లీషువారికి ధారాదత్తం చేసిన సీమలో బళ్ళారి ఒక భాగం. మనవాళ్ళు ఆ సీమను దత్తమండలాలన్నారు. ఆ మాట గిట్టనివారు తరువాత రాయలసీమ అన్నారు. తెలుగు, కన్నడం రెండూ ఒకే వీధిలో వినబడే జిల్లా అది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ జిల్లానుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలను విడదీసి ఆంధ్రలో కలిపారు. తక్కినది మైసూరుకు పోయింది. బళ్ళారి తాలూకా ఎవరికి చెందాలన్నదానిపై పెద్ద తగవు నడిచి, జస్టిస్ ఎల్.ఎస్. మిశ్రా నివేదిక తరువాత అదీ మైసూరుకే దక్కింది. మా అమ్మ పుట్టిల్లు రాయదుర్గం తాలూకాలో ఒక పల్లె. చిన్నమ్మను ఇచ్చింది బళ్ళారి తాలూకాలో. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ ఆ గీత ఎన్నడూ అడ్డు రాలేదు. అది మామూలు మనుషుల మందుమాకులకు కూడా అడ్డొస్తుందని 1980లవరకూ ఎవరూ అనుకోలేదు.

మామకు 1981లో చెడింది. అప్పటికి ఆయనకు ఇరవైరెండేళ్ళు. మొదట రాత్రిళ్ళు నిద్ర పోయింది, తరువాత ఎవరో పిలుస్తున్నారన్నాడు, ఆ తరువాత అన్నంలో ఏదో కలిపారని పళ్ళెం విసిరికొట్టాడు. ఊళ్ళో కొందరు గాలి సోకిందన్నారు, కొందరు తిక్క పట్టిందన్నారు. (మా వైపు పిచ్చి అనే మాట కంటే తిక్క అనే మాటే ఎక్కువ. కోపిష్టివాడూ తిక్కోడే, మతి తప్పినవాడూ తిక్కోడే. ఒకే మాటలో రెండూ ఇమిడిపోవడంవల్ల రోగికి కొంత మేలే జరిగిందని నాకు అనిపిస్తుంది.) ఒక ఆంజనేయస్వామి గుడిలో మండలం రోజులు పడుకోబెట్టారు. తాయెత్తులు కట్టించారు. చివరకు గొడ్లపాక పక్కగదిలో పెట్టి బయట గొళ్ళెం వేశారు. మా అవ్వ ఆ గది గడపమీదే పడుకునేది. ఆమెను నిర్దయురాలని అనుకోకండి. ఆ గొళ్ళెం లేకపోతే మామ ఏ బావిలోనో తేలేవాడని ఆమె నమ్మకం. అది వట్టి భయమని కూడా చెప్పలేను.

ఆసుపత్రులు లేవా అంటే ఉన్నాయి. అవి ఉన్న తీరు ఒకసారి చూడాలి. స్వాతంత్ర్యానికి ముందు 1946లో వచ్చిన భోర్ కమిటీ నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద 19 మానసిక చికిత్సాలయాలు, వాటిలో 10,181 పడకలు. అప్పటి జనాభా 40 కోట్లు. లెక్క వేసుకుంటే దాదాపు 40,000 మందికి ఒక పడక. మద్రాసు రాజధానిలో మన ఉత్తరజిల్లాలవారికి వాల్తేరు, నిజాం రాష్ట్రంవారికి జాల్నా. 1953లో జాల్నానుంచి హైదరాబాదుకు తరలివచ్చినదే ఎర్రగడ్డ. ఎర్రగడ్డ అన్నా, చినవాల్తేరు అన్నా మన సినిమాలలో జనం నవ్వడం ఎంత అలవాటయిందంటే, ఆ రెండూ ఊరి పేట పేర్లన్న సంగతే మరుగున పడిపోయింది. ఊళ్ళో ఒకరిని అక్కడికి తీసుకుపోయారంటే ఇంట్లో ఆడపిల్లకు సంబంధం రాదు. అందుచేత గొళ్ళెమే నయమనిపించేది.

ఈ గోడలను లోపలినుంచి కదిలించినవారిలో మొదట చెప్పుకోవలసినవాడు అమృతసర్ మానసిక చికిత్సాలయంలో పనిచేసిన డాక్టర్ విద్యాసాగర్. 1950లలో ఆయన రోగుల బంధువులను ఆసుపత్రి ఆవరణలోనే డేరాలలో ఉంచి, రోగి సేవలో వారిని కూడా భాగస్వాములను చేశాడు. రోగి ఇంటికి తొందరగా తిరిగి వెళ్ళడానికీ, ఇంట్లోవాళ్ళకు జబ్బు అర్థం కావడానికీ ఆ డేరాలు ఉపయోగపడ్డాయి. అప్పటికే, 1952లో, పారిస్‌లో క్లోర్‌ప్రోమజీన్ అనే మందు ఉన్మాదరోగులమీద పనిచేస్తుందని తేలి ఉంది. మందు, కుటుంబం రెండూ ఉంటే గోడలు అక్కర్లేదేమోనన్న ఆలోచనకు దారి పడింది. అయితే ఆ మందు పల్లెకు ఎవరు తీసుకువెళ్ళాలి? వేళ్ళమీద లెక్కపెట్టగలిగినంతమంది మనోవైద్యులు, వాళ్ళందరూ నగరాలలోనే.

1974లో ప్రపంచ ఆరోగ్యసంస్థ నియమించిన నిపుణుల సంఘం ఈ ప్రశ్నకు ఒక జవాబు చెప్పింది. మనోవైద్యుడు పల్లెకు పోనక్కర్లేదు, పల్లెలో అప్పటికే ఉన్న సామాన్య వైద్యుడూ ఆరోగ్య కార్యకర్తా ఈ పనిలో మొదటి మెట్టు కాగలరని. చెప్పడం తేలికే. చేసి చూడడానికి మన దేశంలో దాదాపు ఒకే కాలంలో రెండు చోట్ల పూనుకున్నారు.

ఒకటి హర్యానాలోని రాయ్‌పూర్ రాణీ. చండీగఢ్ స్నాతకోత్తర వైద్యసంస్థలో మనోవైద్యశాఖకు పెద్ద అయిన ఎన్.ఎన్. విగ్ ఆధ్వర్యంలో, ప్రపంచ ఆరోగ్యసంస్థ ఏడు దేశాలలో నడిపిన అధ్యయనంలో భాగంగా, 1975నుంచి 1981వరకూ అక్కడ పని జరిగింది. రెండవది బెంగుళూరు. 1974 చివర్లో అక్కడి మానసిక చికిత్సాలయాన్నీ, 1954నుంచి నడుస్తున్న అఖిలభారత మానసిక ఆరోగ్యసంస్థనూ కలిపి నిమ్హాన్స్ చేశారు. మనోవైద్యశాఖకు వచ్చిన ఆర్.ఎల్. కపూర్ 1976 ప్రాంతాన నగరం వెలుపల సకలవార అనే పల్లెలో ఒక గ్రామీణ కేంద్రం తెరిచాడు.

ఈ కపూర్ దగ్గర కొంచెం ఆగాలని ఉంది. బెంగుళూరుకు రాకముందే ఆయన మోరిస్ కార్‌స్టెయిర్స్‌తో కలిసి దక్షిణ కన్నడ తీరంలోని కోట అనే పల్లెలో మనోవ్యాధుల సర్వే చేశాడు. అక్కడి జనం మతి చెడినప్పుడు ఎవరి దగ్గరికి పోతున్నారో ఓపికగా రాసుకున్నాడు. నాటువైద్యుడు, మంత్రవాది, దేవుడు ఒంటిమీదికి వచ్చే పాత్రి, వీరితోపాటు ఇంగ్లీషు వైద్యుడు. జనం ఒకరిని వదిలి ఇంకొకరి దగ్గరికి పోవడం లేదు, అందరి దగ్గరికీ పోతున్నారు. మా అవ్వా అదే చేసింది. ఆంజనేయస్వామి గుడి అయింతరువాత 1983లో మామను బెంగుళూరు తీసుకుపోయారు కూడా. అక్కడ మంచి డాక్టర్లే చూశారు, నెలకు సరిపడా మాత్రలు ఇచ్చారు, మామ మూడు వారాలలో కుదుటపడ్డాడు. నెల తిరిగేసరికి మాత్రలు అయిపోయాయి. మళ్ళీ పోయిరావడానికి ఇద్దరు మనుషుల బస్సుఛార్జీలు, రెండురోజుల కూలి పోవడం, అప్పుడే విత్తనం అదును. పోలేదు. రెండు నెలలకు మళ్ళీ గొళ్ళెం పడింది.

ఈ ఒక్క సంగతి చాలు, సకలవారలో ఏం వెతుకుతున్నారో అర్థం చేసుకోవడానికి. రోగం ఏమిటో తేల్చడం కష్టం కాదు. ఏ మందు ఇవ్వాలో తెలుసు. కష్టమంతా రెండవ నెల మాత్రలో ఉంది. నిమ్హాన్స్‌వారు అక్కడ పల్లె కార్యకర్తలకోసమూ, ఆరోగ్యకేంద్రాల వైద్యులకోసమూ తక్కువరోజుల శిక్షణాక్రమాలు తయారుచేశారు. మోహన్ ఐజాక్, సి.ఆర్. చంద్రశేఖర్ వంటివారు ఆ పనిలో ఉన్నారు. (చంద్రశేఖర్ కన్నడంలో సామాన్యులకోసం మనోవైద్యంపై పుస్తకాలు కుప్పలుతెప్పలుగా రాసినవాడు. మనకు అటువంటి వైద్యులు ఎంతమంది ఉన్నారో ఎవరికివారు లెక్క చూసుకోవచ్చు.) రాయ్‌పూర్ రాణీలో పనిచేసిన ఆర్. శ్రీనివాసమూర్తి తరువాత బెంగుళూరు చేరడంతో ఉత్తరాది అనుభవం, దక్షిణాది అనుభవం ఒక్కచోట కలిశాయి.

ఈ లోపల 1978లో ఆల్మా ఆటాలో ప్రాథమిక ఆరోగ్యంపై ప్రపంచ సమావేశం జరిగింది. 1982 ఆగస్టులో కేంద్ర ఆరోగ్య మండలి జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని ఆమోదించింది. ఇటువంటి కార్యక్రమాన్ని కాగితంమీద అయినా రాసుకున్న తొలి దేశాలలో మనదీ ఒకటి. కాగితం ఉంది, డబ్బు లేదు. ఒక ఆరోగ్యకేంద్రంలో నడిచినది జిల్లా అంతటా నడుస్తుందా అన్నదానికి రుజువూ లేదు. ఆ రుజువుకోసం ఎంచుకున్న జిల్లా బళ్ళారి.

బళ్ళారి ప్రయోగం 1985నుంచి 1990వరకూ నడిచింది. కర్ణాటక ఆరోగ్యశాఖ, నిమ్హాన్స్ కలిసి చేశాయి. జిల్లా జనాభా అప్పటికి సుమారు 15 లక్షలు. బెంగుళూరుకు దాదాపు 300 కిలోమీటర్ల దూరం. నిపుణులు పొద్దున వచ్చి సాయంత్రం పోవడం కుదరదు కాబట్టి, అక్కడ నడిస్తే ఎక్కడైనా నడుస్తుందని అనుకోవచ్చు. ఏర్పాటు చూడడానికి చాలా సాదాసీదాగా ఉంటుంది. ఆరోగ్యకేంద్రాల సిబ్బంది అందరికీ శిక్షణ. జిల్లా ఆసుపత్రిలో ఒక మనోవైద్యుడు, ఆయనకు చిన్న బృందం. కేంద్రంలో తేలని రోగిని అక్కడికి పంపాలి. రోగికొక చీటీ, తేలికైన లెక్కల పుస్తకం. ప్రతినెలా జిల్లా ఆరోగ్యాధికారి జరిపే సమీక్షలో మలేరియా, కుటుంబనియంత్రణ లెక్కలతోపాటు ఈ లెక్క కూడా చెప్పాలి. నాకు అన్నిటికంటే తెలివైన ఏర్పాటుగా కనబడినది ఈ చివరిదే. మన ప్రభుత్వోద్యోగి నెలనెలా ఎవరో ఒకరు అడిగే పనే చేస్తాడు, అడగని పనిని ఎంత మంచిదైనా చేయడు.

ఇక మందులు. ఆరు, అంతే. ఉన్మాదానికి క్లోర్‌ప్రోమజీన్ మాత్ర. మాత్ర మింగనని మొండికేసేవారికి కొన్ని వారాలకొకసారి పొడిచే ఫ్లుఫెనజీన్ డెకనోయేట్ సూది. ఈ రెండింటివల్ల చేతులు వణికి, ఒళ్ళు బిగుసుకుంటే దానికి విరుగుడు ట్రైహెక్సీఫెనిడిల్. కుంగుబాటుకు అమిట్రిప్టిలిన్. మూర్ఛకు ఫినోబార్బిటోన్, ఫెనిటాయిన్. వీటిలో ఒక్కటీ కొత్తది కాదు, ఒక్కటీ ఖరీదైనది కాదు. ఈ ఆరింటినీ ఆరోగ్యకేంద్రాలలోనే కాదు, ఉపకేంద్రాలలో కూడా ఉంచాలన్నారు.

మూర్ఛ మనోవ్యాధి కాదు కదా, దాన్ని ఇందులో ఎందుకు చేర్చారని నాకూ మొదట సందేహం కలిగింది. చదివిన తరువాత తెలిసింది. పల్లెలో మూర్ఛకూ, మతిభ్రమణానికీ ఒకే చెట్టుకింద మంత్రం వేస్తారు. చికిత్సకు వచ్చినవారిలో మూర్ఛరోగులది పెద్ద వాటా. ఏళ్ళతరబడి పొయ్యిలోనో బావిగట్టునో పడి ఒళ్ళు కాల్చుకున్న పిల్ల పైసల ఖరీదు చేసే మాత్రతో పడిపోవడం మానేస్తే, ఊరు ఊరంతా చూస్తుంది. ఆ తరువాత గదిలో మూసిపెట్టిన వాళ్ళను కూడా ఒక్కొక్కరిగా బయటికి తెస్తారు. ఒక రోగం ఇంకొక రోగానికి దారి చూపించిందన్నమాట.

చిన్నమ్మ ఊళ్ళో జరిగినదీ అదే. ఆమె ఇంటికి రెండిళ్ళ అవతల ఒక కుర్రవాడికి మూర్ఛలు తగ్గాయి. జ్వరాల లెక్క రాసుకుని గోడమీద సున్నంతో తేదీ వేసిపోయే మలేరియా ఆయన ఆ ఇంటికి మాత్రలు తెచ్చి ఇస్తూ ఉంటే చిన్నమ్మ చూసింది. "మా అన్న ఇట్లున్నాడు, ఆయప్పకు కూడా ఇస్తారా సామీ?" అని అడిగింది. ఆయన నాలుగు ప్రశ్నలు వేశాడట. రాత్రి నిద్రపోతాడా, తనలో తాను మాట్లాడుకుంటాడా, ఎవరికీ వినబడనివి వినబడతాయంటాడా, స్నానం తిండి తానే చూసుకుంటాడా. నాలుగింటికీ జవాబు విని, గురువారం పిలుచుకొని రమ్మన్నాడు. అన్న ఏ ఊళ్ళో ఉన్నాడని ఆయన అడగలేదు, ఈమె చెప్పలేదు.

అది 1987 వేసవి. మామను ఎద్దులబండిలో బస్సుదాకా, బస్సులో బళ్ళారిదాకా, అక్కడినుంచి ఇంకో బస్సులో చిన్నమ్మ ఊరిదాకా తీసుకుపోయారు. ఆంధ్రావాళ్ళకు ఇయ్యరేమోనని తాతకు భయం. అటువంటి నియమం ఉందో లేదో అడగడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. అడిగితే, లేని నియమం కూడా పుడుతుందని మన పల్లెల్లో అందరికీ తెలుసు. చీటీలో చిన్నమ్మ ఊరే రాయించారు. అట్టముక్కమీద మొదటి తేదీ ఆ గురువారానిదే.

ఆరు వారాలకు మామ తన కంచం తానే కడుక్కున్నాడు. ఇది మా అవ్వ చనిపోయేదాకా వచ్చినవారందరికీ చెప్పిన మాట. గొంతులు పూర్తిగా పోలేదు, కానీ వాటితో తగవులాడడం మానేశాడు. చేతులు కొంచెం వణికేవి, నోరెండిపోయేది, ఎండలోకి పోతే చర్మం నల్లగా కమిలిపోయేది. అందుకని శెనక్కాయ చేలోకి తలమీద తడిగుడ్డ కప్పుకుని పోయేవాడు. నా చిన్నతనపు మామ నాకు ఆ తడిగుడ్డతోనే గుర్తు. పెళ్ళి కాలేదు. కళ్ళంలో కాపలాకు మాత్రం ఆయనంత నమ్మకస్తుడు ఊళ్ళో లేడనేవారు. ఎందుకంటే రాత్రి నిద్ర సరిగా పట్టదు.

ఇంతవరకూ చెప్పి ఆపేస్తే ఇది మంచి కథ అవుతుంది. చరిత్రకారులు కూడా చాలామంది ఇక్కడే ఆపి, వెంటనే బళ్ళారి నమూనా దేశమంతా వ్యాపించిందని రాస్తారు. వ్యాపించిన మాట నిజమే. 1996లో కేంద్రప్రభుత్వం ఆ నమూనామీదే జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని నాలుగు జిల్లాలలో మొదలుపెట్టింది. వాటిలో ఒకటి మన మెదక్. తొమ్మిదవ ప్రణాళిక ముగిసేనాటికి 27 జిల్లాలు, పదవ ప్రణాళికలో నూరుకు పైన, 2020ల నాటికి ఏడువందల పైచిలుకు జిల్లాలకు మంజూరు. లెక్కలు చూస్తే కడుపు నిండుతుంది.

అయితే మామ అట్టముక్కలోని గళ్ళు 1990 తరువాత వేరే కథ చెబుతాయి. 1989దాకా నెల తప్పకుండా ఉన్న సంతకాలు 1991లో ఆరింటికి దిగాయి. 1992లో నాలుగు. ఏమయిందని అడిగితే చిన్నమ్మ చెప్పినది ఒక్క ముక్కలో ఉంటుంది. శిక్షణ పొందిన డాక్టరు బదిలీ అయ్యాడు, వచ్చిన డాక్టరుకు ఆ మాత్రలంటే భయం. ఆ మాట నిజంగా ఒక్క ఆరోగ్యకేంద్రానికి చెందినది కాదు. ఈ కార్యక్రమంపై దశాబ్దాలుగా వచ్చిన విమర్శలన్నీ తిరిగి తిరిగి అక్కడికే చేరతాయి. మందు నిలకడగా అందకపోవడం, నేర్చుకున్నవాడు వెళ్ళిపోవడం, నెలనెలా అడిగేవాడు మానేయడం. ప్రయోగకాలంలో వెనుక నిమ్హాన్స్ ఉంది. ప్రయోగం ముగిసి ప్రభుత్వపథకంగా మారిన ప్రతిచోటా, వెనుక నిలబడవలసిన ఆ మనిషి జాగా ఖాళీగా ఉండిపోయింది. మందు ఎంత చవకో చూశాము. చవక కానిది ఆ వెన్నుదన్ను. బళ్ళారి లెక్కలు చూసి దేశానికి పథకం వేసినవారు మందుల ఖర్చు చూశారు గానీ ఆ ఖర్చును చూడలేదని నా అభిప్రాయం.

తరువాత పదేళ్ళు మామ మాత్రలను చిన్నమ్మ బళ్ళారిలో మందులషాపులో కొని, మా ఊరికి వచ్చే ఎవరో ఒకరి చేతికిచ్చి పంపేది. ఇదీ ఒకరకమైన ఆరోగ్యవ్యవస్థే. దీనికి నివేదికలు లేవు.

2001 ఆగస్టు 6న తమిళనాడు రామనాథపురం జిల్లా ఎర్వాడిలో, దర్గా చుట్టూ వెలసిన ఒక ఆశ్రయంలో నిప్పంటుకుని గొలుసులతో కట్టివేసిన 28 మంది కాలిపోయారు. ఆ వార్త పేపర్లో చదివిన రోజు మా అవ్వ ముద్ద ముట్టలేదు. మా ఇంట్లో గొలుసు లేదు, గొళ్ళెమే. ఆమెకు ఆ తేడా పెద్దగా తోచలేదు. సుప్రీంకోర్టు తనంతట తానుగా ఆ విషయాన్ని విచారణకు తీసుకున్న తరువాతనే రాష్ట్రాలలో కొంత చలనం వచ్చింది. 1987నాటి చట్టం స్థానంలో 2017లో వచ్చి 2018 మేలో అమలైన మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టం, చికిత్సను ప్రతి పౌరుడి హక్కుగా చెప్పి, రోగులను గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది.

ఇప్పటిదాకా మామ గురించే రాశాను. అసలు నేను రాయాలనుకున్నది చిన్నమ్మ గురించి. అట్టముక్కతోపాటు ఆమె పెట్టెలో ఇంకొక కట్ట దొరికింది. అదే ఆరోగ్యకేంద్రపు ఓపీ చీటీలు, చిన్నమ్మ పేరుమీద. తలనొప్పి, ఒళ్ళునొప్పులు, గుండెదడ, నీరసం, నిద్ర పట్టదు. ప్రతి చీటీలోనూ ఇంచుమించు ఇవే మాటలు. ప్రతి చీటీ కిందా బి-కాంప్లెక్స్ సూది, నొప్పుల మాత్ర. అన్న మాత్రలకోసం గురువారం పోయిన మనిషే, తన నీరసానికి సోమవారం పోయింది. ఒకే బల్ల, ఒకే డాక్టరు. పెళ్ళయిన నాలుగో ఏట ఆమెకు ఒక బిడ్డ పోయిందనీ, ఆ తరువాత ఆమె పండుగకు కొత్తచీర కట్టడం ఎవరూ చూడలేదనీ ఇంట్లో అందరికీ తెలుసు. చీటీలో ఆ మాట లేదు. ఎవరూ అడగలేదు.

1980లోనే దీనికి లెక్క తేలి ఉంది. రాయ్‌పూర్ రాణీ భాగంగా ఉన్న ఆ అంతర్జాతీయ అధ్యయనంలో హార్డింగ్ బృందం నాలుగు దేశాలలో ప్రాథమిక కేంద్రాలకు వచ్చిన 1,624 మందిని పరీక్షించింది. వారిలో 225 మందికి, అంటే 13.9 శాతానికి, ఏదో ఒక మానసిక వ్యాధి ఉంది. వీరిలో ఎక్కువమంది తిక్కవాళ్ళు కారు. తలనొప్పి అనీ, కడుపునొప్పి అనీ, నీరసమనీ చెప్పుకుని వచ్చినవాళ్ళు. కేంద్రంలోని సిబ్బందికి వీరిలో చాలామంది మనోవ్యాధి కనబడలేదు. బళ్ళారిలో ఆరు మందుల్లో అమిట్రిప్టిలిన్ ఉన్నది నిజమే. కానీ కార్యక్రమం చూపంతా ఊరికి కనబడే రోగంమీద ఉంది. విసిరిన పళ్ళెం చప్పుడు చేస్తుంది. ముట్టని పళ్ళెం చప్పుడు చేయదు.

తరువాతి కాలంలో సుమీత్ జైన్, సుశ్రుత్ జాధవ్ ఉత్తరభారతంలో ఇటువంటి కార్యక్రమాన్ని దగ్గరగా పరిశీలించి 2009లో ఒక వ్యాసం రాశారు. సమాజం, కుటుంబం, భాగస్వామ్యం అని విధానపత్రంలో రాసుకున్నదంతా క్షేత్రానికి వచ్చేసరికి మాత్ర పంచడంగా మిగిలిపోయిందని వారి వాదం. నాకు ఆ వాదంలో సగమే ఒప్పుదల. మాత్ర లేకపోతే ఏమవుతుందో మా గొడ్లపాక పక్కగదికి తెలుసు. కానీ చిన్నమ్మ చీటీలకట్ట చూసినప్పుడు మిగతా సగం కూడా ఒప్పుకోక తప్పదు.

అలా అడగడం సాధ్యమేనా? వందమంది క్యూలో ఉంటే డాక్టరు ఒక్కొక్కరి కష్టసుఖాలు అడుగుతూ కూర్చోగలడా? కూర్చోలేడు. ఆ పని డాక్టరే చేయనక్కర్లేదని గోవాలో విక్రమ్ పటేల్ బృందం చూపించింది. కొద్దిపాటి తర్ఫీదు ఇచ్చిన స్థానిక కార్యకర్తలను ఆరోగ్యకేంద్రాలలో సలహాదారులుగా కూర్చోబెట్టి, మనోవైద్యుడు వెనుక ఉండే పద్ధతిని 24 చోట్ల పరీక్షించి 2010లో ఫలితాలు ప్రకటించారు. ప్రభుత్వ కేంద్రాలలో కుంగుబాటు, ఆందోళన ఉన్నవారు స్పష్టంగా మెరుగయ్యారు. ప్రైవేటు వైద్యుల దగ్గర ఆ తేడా పెద్దగా కనబడలేదు. ఈ రెండవ సంగతి నాకు మొదటిదానికంటే ఆసక్తికరంగా ఉంది. ఊరి డాక్టరు తన రోగిని ఎప్పటినుంచో ఎరిగి ఉండి నాలుగు మాటలు మాట్లాడతాడు కాబట్టి కావచ్చు. ఇది నా ఊహ మాత్రమే.

మన రాష్ట్రంలోనూ పశ్చిమగోదావరి జిల్లాలో 2014నుంచి జార్జ్ ఇన్‌స్టిట్యూట్‌వారు ఒక ప్రయత్నం చేశారు. ఆశా కార్యకర్త చేతికి ఒక టాబ్లెట్ ఇచ్చి (ఈ టాబ్లెట్ మింగేది కాదు), ఇంటింటికీ పోయి కుంగుబాటు, ఆందోళన, ఆత్మహత్య తలపులపై ప్రశ్నలు అడిగించి, అవసరమైనవారిని ఆరోగ్యకేంద్రం వైద్యుడి దగ్గరికి పంపడం, వైద్యుడికి ఏం చేయాలో ఆ యంత్రమే సూచించడం. దానితోపాటు ఊళ్ళలో ఈ జబ్బులంటే ఉన్న సిగ్గు పోగొట్టడానికి ప్రచారం. తరువాత ఇదే పద్ధతిని హర్యానాలో కూడా కలిపి పెద్ద ఎత్తున పరీక్షించారు. 1987లో మలేరియా ఆయన వేసిన నాలుగు ప్రశ్నలూ మామ గురించి. ఆశా వేసిన ప్రశ్నలు చిన్నమ్మలాంటివారి గురించి. మధ్యలో దాదాపు ముప్ఫై ఏళ్ళు.

2015–16లో నిమ్హాన్స్ నడిపిన జాతీయ సర్వే 12 రాష్ట్రాలలో జరిగింది. పెద్దలలో 10.6 శాతానికి ఆ సమయంలో ఏదో ఒక మానసిక రుగ్మత ఉందనీ, రుగ్మతనుబట్టి నూటికి 70నుంచి 92 మందికి చికిత్స అందడం లేదనీ తేలింది. ఆ పన్నెండింటిలో తెలుగు రాష్ట్రాలు రెండూ లేవు, కర్ణాటకా లేదు. గీతకు ఈవలా ఆవలా ఇద్దరమూ లెక్కలోకి రాలేదు. 2022 అక్టోబరు 10నుంచి 14416 అనే నంబరుకు ఫోను చేస్తే తెలుగులో కూడా మాట్లాడేవారున్నారు. ఫోనుకు ఏ ఊరని అబద్ధం చెప్పవలసిన పని లేదు.

మామ 2004లో గుండెజబ్బుతో పోయాడు, చేలోనే. చిన్నమ్మ ఆ తరువాత చాలాఏళ్ళు ఉంది. చివరిసారి చూడబోయినప్పుడు, ఎలా ఉన్నావు చిన్నమ్మా అంటే, "నాకేమప్పా, బాగుండా, కొంచెం నీరసం" అన్నది. నేను కూడా, బలానికి ఏదైనా టానిక్కు పంపుతానని చెప్పి బస్సెక్కాను.